సైనికుడి ఇంట్లో తుపాకీ, కోర్టు చేతిలో కాగితం: అమెరికా రెడ్ ఫ్లాగ్ చట్టాలు ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి

2025 నవంబరులో అమెరికా ఈశాన్య కొసనున్న మెయిన్ రాష్ట్ర ఓటర్లు రెడ్ ఫ్లాగ్ చట్టానికి, అంటే ప్రమాదకరంగా కనిపించే మనిషి తుపాకులను కోర్టు ఉత్తర్వుతో కొంతకాలం తీయించే చట్టానికి, ఆమోదం తెలిపారు. వేట, తుపాకులు ఇంటింటి అలవాటైన రాష్ట్రం అది. ఇప్పటికే ఉన్న చట్టం చాలునని గవర్నరే చెప్పినా జనం వినలేదు. దానికి కారణం 2023 అక్టోబరు 25న లూయిస్టన్ పట్టణంలో జరిగిన కాల్పులు. 18 మంది చనిపోయారు. కాల్చినవాడు అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో సార్జెంట్. అతని మానసిక స్థితి బాగాలేదని కుటుంబానికి, తోటి సైనికులకు, అధికారులకు, ఆసుపత్రికి, స్థానిక పోలీసులకు నెలల ముందే తెలుసు.

రెడ్ ఫ్లాగ్ చట్టం గురించి జరిగే వాదనంతా సాధారణంగా తుపాకీ హక్కు చుట్టూ తిరుగుతుంది. అసలు చిక్కు మరోచోట ఉంది. ఈ చట్టం తనంతట తాను కదలదు. ఎవరో ఒకరు, అదీ బాగా దగ్గరివారు, నోరు విప్పాలి. ఆ మనిషి సైనికుడో మాజీ సైనికుడో అయినప్పుడు దగ్గరివారు నోరు విప్పకపోవడానికి కారణాలు పెరుగుతాయి. వాటిలో చట్టపరమైనవి కొన్ని, మనసుకు సంబంధించినవి కొన్ని.

కేసు కాదు, శిక్ష కాదు: ఈ ఉత్తర్వు ఏమిటి

ఒక మనిషి తనకో ఎదుటివారికో ప్రాణహాని చేసేలా ఉన్నాడని సాక్ష్యం చూపిస్తే, అతని తుపాకులను కొంతకాలం తీసి పక్కన పెట్టించి, కొత్తవి కొనకుండా ఆపే సివిల్ కోర్టు ఉత్తర్వు ఇది. చాలా రాష్ట్రాల్లో దీని పేరు ఎక్స్‌ట్రీమ్ రిస్క్ ప్రొటెక్షన్ ఆర్డర్. కాలిఫోర్నియాలో గన్ వయొలెన్స్ రిస్ట్రెయినింగ్ ఆర్డర్ అంటారు. రెడ్ ఫ్లాగ్ అన్నది వాడుక పేరు.

నేరం జరిగి ఉండాల్సిన అవసరం లేదు. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన క్రిమినల్ రికార్డు ఏర్పడదు. దాన్ని ఉల్లంఘిస్తే మాత్రం నేరం. మానసిక జబ్బు ఉందని డాక్టరు నిర్ధారించాలన్న షరతు కూడా చాలా రాష్ట్రాల్లో లేదు. జడ్జి చూసేది ప్రవర్తన: ఇటీవలి బెదిరింపులు, చేయి చేసుకున్న సంఘటనలు, ఆత్మహత్య మాటలు, విపరీతమైన తాగుడు, హఠాత్తుగా తుపాకులు కొనడం వంటివి.

మరి పాత చట్టాలు చాలవా? పెద్ద నేరంలో శిక్ష పడినవారు, కోర్టు ఆదేశంతో మానసిక ఆసుపత్రిలో చేరినవారు, గృహహింసలో దోషులుగా తేలినవారు తుపాకీ కలిగి ఉండకూడదని కేంద్ర చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. ఇవన్నీ జరిగిపోయిన దాన్ని బట్టి వేసే అడ్డుకట్టలు. ఏ శిక్షా పడని మనిషి ఈ వారం ప్రమాదకరంగా మారితే పాత చట్టానికి అతను కనిపించడు. ఆ సందును పూడ్చడానికే రెడ్ ఫ్లాగ్ చట్టాలు వచ్చాయి.

1998లో కనెక్టికట్ లాటరీ కార్యాలయంలో ఒక ఉద్యోగి నలుగురు పై అధికారులను కాల్చి చంపాక 1999లో ఆ రాష్ట్రం మొదటి చట్టం చేసింది. 2005లో ఇండియానా, 2014లో కాలిఫోర్నియా ఆ బాట పట్టాయి. 2018లో పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది చనిపోయాక రిపబ్లికన్ల చేతిలో ఉన్న ఫ్లోరిడా కూడా చట్టం చేయడంతో లెక్క మారిపోయింది. మెయిన్‌తో కలిపి ఇప్పుడు 22 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ ఈ జాబితాలో ఉన్నాయి. ఎదురు చట్టాలూ వచ్చాయి. ఇలాంటి ఉత్తర్వులను తన గడ్డమీద అమలు చేయనివ్వనని ఓక్లహోమా 2020లో, టెక్సస్ 2025లో శాసనం చేశాయి.

దేశమంతటికీ వర్తించే రెడ్ ఫ్లాగ్ చట్టం లేదు. 2022లో రెండు పార్టీలూ కలిసి చేసిన చట్టం రాష్ట్రాలకు 75 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బును రెడ్ ఫ్లాగ్ అమలుకే వాడాలని లేదు. రెడ్ ఫ్లాగ్ చట్టం వద్దనుకున్న రాష్ట్రం అదే డబ్బును మాజీ సైనికుల కేసులు చూసే ప్రత్యేక కోర్టులకు ఖర్చు పెట్టుకోవచ్చు. రాజకీయ బేరం అన్నది ఇలాగే ఉంటుంది.

ఒకే ఇల్లు, మూడు రాష్ట్రాలు

ఊహకు ఒక ఇంటిని తీసుకుందాం. 52 ఏళ్ల మాజీ సైనికుడు. ఇంట్లో ఐదు తుపాకులు. ఉద్యోగం పోయింది, తాగుడు పెరిగింది, నిద్ర లేదు. రెండుసార్లు పిస్తోలు చేతిలో పెట్టుకుని "ఇక చాలు" అన్నాడు. భార్య భయపడుతోంది. అతన్ని జైలుకు పంపాలని ఆమెకు లేదు, తుపాకులు ఇంట్లోంచి బయటికి పోతే చాలు.

ఆ ఇల్లు కాలిఫోర్నియాలో ఉంటే ఆమె నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. ఫారం నింపి, చూసింది తేదీలతో సహా రాసి ప్రమాణం చేయాలి. పరిస్థితి అత్యవసరమని జడ్జికి అనిపిస్తే భర్తను పిలవకుండానే తాత్కాలిక ఉత్తర్వు ఇస్తారు. మన కోర్టుల్లోనూ వినిపించే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు అన్నమాట. కాగితం అందాక పోలీసులు అడిగితే అతను అక్కడికక్కడే తుపాకులు ఇచ్చేయాలి. అడగకపోతే 24 గంటల్లో పోలీసులకో, లైసెన్సున్న డీలరుకో అప్పగించి, ఆ రసీదును 48 గంటల్లో కోర్టుకు చూపాలి. 21 రోజుల్లోపు అసలు విచారణ. అక్కడ అతనూ తన మాట చెప్పుకుంటాడు. ప్రమాదం ఉందని స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో తేలితే ఉత్తర్వు ఒక ఏడాది నుంచి ఐదేళ్ల దాకా ఉండవచ్చు.

ఫ్లోరిడాలో అయితే భార్య పిటిషన్ వేయలేదు. ఆ అధికారం పోలీసు విభాగాలదే. ఆమె ఫోన్ చేయాలి, అధికారి వచ్చి మాట్లాడాలి, ఆ అధికారే అఫిడవిట్ రాసి కోర్టుకు వెళ్లాలి. తాత్కాలిక ఉత్తర్వుకు సహేతుకమైన కారణం చాలు. 14 రోజుల్లోపు జరిగే పూర్తి విచారణలో మాత్రం బలమైన సాక్ష్యం కావాలి. ఉత్తర్వు గరిష్ఠంగా 12 నెలలు. ఆ కాలంలో ఒక్కసారి దాన్ని రద్దు చేయమని అతను అడగవచ్చు, అప్పుడు తాను ప్రమాదకారిని కాదని రుజువు చేసే భారం అతనిదే. గడువు తీరాక, పొడిగింపు లేకపోతే, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి తుపాకులు తిరిగి ఇస్తారు. తెలిసి అబద్ధపు పిటిషన్ వేస్తే అది నేరం. పిటిషన్ పోలీసుల చేతిమీదుగా వెళ్తుంది కాబట్టి ఇంట్లో గొడవలకు దీన్ని ఆయుధంగా వాడుకోవడం కష్టమని ఫ్లోరిడా పద్ధతిని మెచ్చుకునేవారు అంటారు. పోలీసులంటే భయపడే ఇల్లాలు ఆ ఫోనే చేయదన్నది ఎదుటివారి మాట.

ఇక మెయిన్‌లో 2020 నుంచి అమల్లో ఉన్నది ఎల్లో ఫ్లాగ్ చట్టం. పేరుకు తగ్గట్టే అర మెట్టు కింద. పోలీసులు ముందు అతన్ని రక్షణ కోసం అదుపులోకి తీసుకోవాలి, తర్వాత వైద్య నిపుణుడు పరీక్షించి ప్రమాదం ఉందని చెప్పాలి, ఆపైన జడ్జి సంతకం పెట్టాలి. అప్పుడు గానీ తుపాకుల మాట రాదు. ఎవరి హక్కూ తొందరపాటులో పోకూడదన్నది ఉద్దేశం. ఆచరణలో మొదటి మెట్టే కష్టమైంది: తలుపు తీయని మనిషిని అదుపులోకి తీసుకోవడం ఎలా? 2025లో ఓటర్లు ఆమోదించిన కొత్త చట్టం కుటుంబానికి నేరుగా కోర్టు తలుపు తట్టే దారి ఇస్తోంది.

చర్చ సామూహిక కాల్పుల గురించి, లెక్కలు ఆత్మహత్యల గురించి

వార్తల్లో ఈ చట్టాలు కనిపించేది స్కూళ్లు, మాల్స్‌లో కాల్పులు జరిగినప్పుడు. అసలు బరువు వేరే. 2022లో అమెరికాలో తుపాకులతో 48,204 మంది చనిపోయారు. వారిలో 27,032 మందివి ఆత్మహత్యలు. తుపాకీతో ప్రయత్నిస్తే పదింట తొమ్మిది వంతులు మరణమే. మాత్రలు మింగినవారిలో ఎక్కువమంది బతుకుతారు. ఆత్మహత్య తలంపు చాలామందిలో కొద్ది గంటల్లోనో రోజుల్లోనో తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపు తుపాకీ అందుబాటులో ఉందా లేదా అన్నదే తేడా తెస్తుంది.

డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ స్వాన్సన్ బృందం 1999 నుంచి 2013 దాకా కనెక్టికట్‌లో అమలైన 762 ఉత్తర్వులను పరిశీలించింది. సగటున ఒక్కో మనిషి దగ్గర ఏడు తుపాకులు దొరికాయి. పది నుంచి ఇరవై ఉత్తర్వులకు ఒక ఆత్మహత్య ఆగి ఉంటుందని వారు అంచనా వేశారు. ఇండియానాలో అదే బృందం అంచనా ఇంచుమించు పదికి ఒకటి. ఈ అంకెను ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చదువుకుంటాయి. ఒక ప్రాణం కోసం పదిమంది ఏడాదిపాటు తుపాకీ లేకుండా ఉంటే నష్టమేముందని ఒకరు, తొమ్మిదిమంది హక్కును అనవసరంగా లాక్కున్నారని మరొకరు. సామూహిక కాల్పులను ఈ చట్టాలు ఎన్ని ఆపాయో తేల్చడం ఇంకా కష్టం. జరగని సంఘటనను లెక్కపెట్టే పద్ధతి లేదు.

ఈ లెక్కల్లో మాజీ సైనికుల వాటా పెద్దది. అమెరికాలో ఏటా ఆరు వేల మందికి పైగా మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకుంటున్నారు, వారిలో నూటికి 70కి పైగా తుపాకీతోనే. మాజీ సైనికుల్లో దాదాపు సగం మందికి సొంత తుపాకీ ఉందని, ఉన్నవారిలో ముగ్గురికి ఒకరు కనీసం ఒకదాన్ని తూటాలు నింపి, తాళం వేయకుండా ఉంచుతారని 2015 నాటి జాతీయ సర్వే చెప్పింది. అంటే రెడ్ ఫ్లాగ్ చట్టం ఎవరికి ఎక్కువ అవసరమో లెక్కగడితే జాబితాలో ముందు వరుసలో ఉండేది వీరే.

యూనిఫాం వేసుకుంటే ఏ చట్టం వర్తిస్తుంది

సైన్యంలో కమాండర్ మాటే శాసనం కదా, అతనే తుపాకీ తీసుకోలేడా అని చాలామంది అడుగుతారు. సైన్యం ఇచ్చిన తుపాకీ అయితే తీసుకోగలడు, ఒక్క ఆదేశంతో. సైనికుడి సొంత తుపాకీ దగ్గరికి వచ్చేసరికి గీతలు మొదలవుతాయి. బేస్ లోపల బ్యారక్‌లో ఉండే సైనికుడు సొంత తుపాకీని రిజిస్టర్ చేయించి, యూనిట్ ఆయుధాగారంలో దాచాలి. అదే సైనికుడు బేస్ బయట అద్దె ఇంట్లో ఉంటే కమాండర్ అధికారం గడప దాటదు. సైనికుల సొంత తుపాకుల మీద రక్షణ శాఖ ఆంక్షలు పెట్టడాన్ని, వివరాలు సేకరించడాన్ని అమెరికా చట్టసభ కాంగ్రెస్ 2011 నాటి రక్షణ బడ్జెట్ చట్టంలో నిషేధించింది. ఆత్మహత్యలు పెరగడంతో 2013 నాటి చట్టంలో కొంత సడలించి, ప్రమాదం ఉందనడానికి తగిన కారణం కనిపిస్తే కమాండర్‌గానీ వైద్యుడుగానీ "ఇంట్లో తుపాకీ ఉందా" అని అడగవచ్చని చెప్పింది. అడగవచ్చు, అంతే.

కమాండర్ ఇచ్చే మిలిటరీ ప్రొటెక్టివ్ ఆర్డర్ అని మరొకటి ఉంది. గృహహింస ఫిర్యాదు వచ్చినప్పుడు భార్యకు దూరంగా ఉండమని సైనికుడిని ఆదేశించే కాగితం. దాన్ని జడ్జి ఇవ్వరు, విచారణ ఉండదు. అందువల్ల కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ నిషేధానికి అది సరిపోదు. ఈ లోటు పూడ్చడానికి 2021లో ప్రతినిధుల సభ రక్షణ బిల్లులో సైనిక జడ్జీలే రక్షణ ఉత్తర్వులు ఇచ్చే నిబంధన చేర్చింది. "సైనికులకు రెడ్ ఫ్లాగ్" అన్న పేరు పడటంతో గోల రేగింది, తుది చట్టంలో అది లేకుండా పోయింది.

ఇందులో ఒక వింత మెలిక కూడా ఉంది. గృహహింస కేసులో చిన్న నేరంగా శిక్ష పడినా 1996 నాటి లాటెన్‌బర్గ్ సవరణ ప్రకారం సైనికుడు డ్యూటీ తుపాకీ కూడా పట్టకూడదు. ఇతర నిషేధాలకు ప్రభుత్వ విధుల కోసం మినహాయింపు ఉంది, దీనికి లేదు. తుపాకీ పట్టలేని సైనికుడి కెరీర్ అక్కడితో ఆగినట్టే. భర్త ఉద్యోగంతోపాటు క్వార్టర్, ఆరోగ్య బీమా, పెన్షన్ పోతాయని తెలిసిన భార్య ఫిర్యాదు చేసేముందు పదిసార్లు ఆలోచిస్తుంది. రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వు ఇంత తీవ్రమైనది కాదు, తాత్కాలికం. కానీ భయపడే మనిషి ఈ రెండింటి మధ్య తేడా చూడదు.

అంటే బేస్ బయట నివసించే సైనికుడికి దిక్కు ఆ రాష్ట్ర చట్టమే. టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్, నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్, జార్జియాలోని ఫోర్ట్ బెనింగ్, కెంటకీ-టెనెసీ సరిహద్దులోని ఫోర్ట్ క్యాంప్‌బెల్: ఆర్మీ పెద్ద స్థావరాలు. వీటిలో ఏ రాష్ట్రంలోనూ రెడ్ ఫ్లాగ్ చట్టం లేదు. కొలరాడోలో చట్టం ఉంది, అక్కడ ఫోర్ట్ కార్సన్ ఉంది. అయితే ఆ స్థావరం ఉన్న ఎల్ పాసో కౌంటీ 2019లోనే తుపాకీ హక్కును కాపాడతామని తీర్మానం చేసింది, అక్కడి షెరిఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) కార్యాలయం ఈ ఉత్తర్వులు కోరడానికి ముందుకు రాలేదు. చట్టం పుస్తకంలో ఉండటం వేరు, అధికారి చేతికి రావడం వేరు.

లూయిస్టన్: తిలాపాపం తలా పిడికెడు

ఆ సార్జెంట్ న్యూయార్క్‌లోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ క్యాడెట్లకు గ్రెనేడ్లు విసరడం నేర్పే రేంజ్‌లో ఏళ్ల తరబడి పనిచేశాడు. 2023 మే నెలలో మాజీ భార్య, కొడుకు స్థానిక షెరిఫ్ కార్యాలయానికి వెళ్లి, అతనికి లేనిపోని మాటలు వినిపిస్తున్నాయని, తన సోదరుడి ఇంట్లోంచి తుపాకులు తెచ్చుకున్నాడని చెప్పారు. జులైలో న్యూయార్క్‌లో శిక్షణకు వెళ్లినప్పుడు తోటి సైనికులతో గొడవపడ్డాడు. వెస్ట్ పాయింట్ సైనిక ఆసుపత్రికి, అక్కడి నుంచి ఒక ప్రైవేటు మానసిక ఆసుపత్రికి తరలించారు. రెండు వారాలకు పైగా ఉండి ఆగస్టు మొదట్లో బయటికి వచ్చాడు. సైన్యం తన ఆయుధాలు అతనికి ఇవ్వకూడదని నిర్ణయించింది. ఇంట్లో ఉన్న సొంత తుపాకులు అలాగే ఉన్నాయి. న్యూయార్క్‌లో అప్పటికే రెడ్ ఫ్లాగ్ చట్టం ఉంది, ఎవరూ వాడలేదు.

ఆగస్టులోనే అతను మెయిన్‌లో ఒక దుకాణంలో సైలెన్సర్ తీసుకోబోయాడు. ఫారంలో మానసిక చికిత్స గురించిన ప్రశ్నకు అవునని రాయడంతో దుకాణదారు ఇవ్వలేదు. వ్యవస్థలో సరిగ్గా పనిచేసిన ముక్క బహుశా అదొక్కటే, అదీ కొత్తగా కొనేదాన్ని ఆపింది.

సెప్టెంబరు మధ్యలో తోటి సైనికుడొకరు పై అధికారికి మెసేజ్ పెట్టాడు: అతను అదుపు తప్పి సామూహిక కాల్పులు జరుపుతాడని నాకనిపిస్తోంది అని. అతను ఎలా ఉన్నాడో చూసి రమ్మని యూనిట్ స్థానిక షెరిఫ్ కార్యాలయాన్ని కోరింది. డిప్యూటీ రెండు రోజులు వరుసగా ఇంటికి వెళ్లాడు. లోపల మనిషి ఉన్నట్టు అలికిడి వినిపించినా తలుపు తీయలేదు. యూనిట్ అధికారి ఫోన్లో మాట్లాడుతూ విషయాన్ని పెద్దది చేయకపోవడమే మంచిదన్న ధోరణిలో చెప్పాడు. తుపాకులు తామే తీసుకుంటామని కుటుంబం అంది. ఆ మాట నిలిచిందో లేదో ఎవరూ వెళ్లి చూడలేదు. అతని గురించి ఇతర పోలీసు విభాగాలకు పంపిన హెచ్చరికను అక్టోబరు 18న ఉపసంహరించారు. వారం తిరిగేసరికి కాల్పులు.

రిజర్వ్ సైనికుడు నెలలో కొన్ని రోజులే సైనికుడు, మిగతా రోజుల్లో మామూలు పౌరుడు. డ్యూటీలో లేనప్పుడు కమాండర్‌కు అతని మీద అధికారం దాదాపు సున్నా. అతని మీద సైన్యం కన్ను వేసి ఉంచిందని షెరిఫ్, ఇక అది షెరిఫ్ పనేనని సైన్యం, ఇద్దరూ చూసుకుంటారని కుటుంబం అనుకుంటే ఏమవుతుందో అదే అయింది. రాష్ట్రం వేసిన స్వతంత్ర కమిషన్ 2024 మార్చిలో ఇచ్చిన నివేదికలో, ఎల్లో ఫ్లాగ్ ప్రక్రియ మొదలుపెట్టడానికి షెరిఫ్ కార్యాలయం దగ్గర తగిన ఆధారం ఉందని తేల్చింది. అదే ఏడాది వేసవిలో ఆర్మీ తన విచారణ పూర్తిచేసి ముగ్గురు రిజర్వ్ అధికారులపై చర్య తీసుకుంది.

సమాచారం చేతులు మారకపోతే ఏమవుతుందో అంతకుముందే ఒకసారి తెలిసింది. 2017 నవంబరులో టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 మంది చనిపోయారు. కాల్చినవాడికి ఎయిర్ ఫోర్స్‌లో ఉండగా 2012లో గృహహింస కేసులో కోర్ట్ మార్షల్ జరిగింది. ఆ శిక్ష వివరాలను ఎయిర్ ఫోర్స్, తుపాకీ కొనకూడనివారి పేర్లుండే ఎఫ్‌బీఐ జాబితాకు పంపలేదు. దాంతో అతను బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటి తుపాకులు కొన్నాడు. బాధితులకు ప్రభుత్వం 2023లో 14.45 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అక్కడ కొత్త చట్టం అవసరమే లేదు, ఉన్న ఫారం నింపి పంపితే సరిపోయేది.

గౌరవం, భయం: నోరు ఎందుకు పెగలదు

1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయాక అమెరికాలో సైన్యంలో పనిచేసినవారి వాటా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు పెద్దవారిలో మాజీ సైనికులు నూటికి ఆరుగురే. పరిచయం తగ్గేకొద్దీ గౌరవం ఒక ఆచారంగా మారింది: విమానాశ్రయంలో చప్పట్లు, దుకాణంలో డిస్కౌంటు. దేశం కోసం పోరాడినవాడి ఇంటికెళ్లి తుపాకీ ఇవ్వమనడం ఆ గౌరవానికి పొసగదని చాలామంది షెరిఫులకు అనిపిస్తుంది. వారిలో చాలామంది మాజీ సైనికులే.

రెండో వైపు సైనికుడి భయం. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే ప్రమోషన్ పోతుంది, సెక్యూరిటీ క్లియరెన్స్ పోతుంది, ఇప్పుడు తుపాకీ కూడా పోతుందన్న మాట బ్యారక్‌లలో తిరుగుతుంది. రెడ్ ఫ్లాగ్ చట్టాలను వ్యతిరేకించే మాజీ సైనికుల వాదనల్లో నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపించేది ఇదే: ఈ చట్టం భయంతో మనిషి వైద్యానికే దూరమైతే, ఆపిన ఆత్మహత్యల పక్కన కొత్తగా కలిగించినవాటిని కూడా లెక్కేయాలి.

దీన్ని ఉత్త అపోహ అని కొట్టిపారేయలేం. మాజీ సైనికుల శాఖ డబ్బు లెక్కలు చూసుకోలేని వ్యక్తులకు పెన్షన్ వ్యవహారాలు చూసే ప్రతినిధిని నియమిస్తుంది. అలా ప్రతినిధి అవసరమైన ప్రతి ఒక్కరి పేరునూ దశాబ్దాల పాటు ఎఫ్‌బీఐ నిషేధ జాబితాకు పంపింది. చెక్కు రాయలేనివాడు ప్రమాదకారి ఎలా అవుతాడని అడిగితే సమాధానం లేదు. జడ్జి నిర్ణయం లేకుండా అలా పేర్లు పంపకూడదని 2024 మార్చిలో కాంగ్రెస్ బడ్జెట్ చట్టంలో చేర్చింది. ఈ చరిత్ర తెలిసిన మాజీ సైనికుడికి రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వు వేరని, అందులో జడ్జి ఉంటాడని నచ్చచెప్పడం కష్టం.

ఈ భయాన్ని తగ్గించే దారులు కొన్ని వచ్చాయి. 2021 చివర్లో చట్టమైన బ్రాండన్ యాక్ట్ ప్రకారం సైనికుడు కారణం చెప్పకుండానే పై అధికారిని అడిగి మానసిక పరీక్ష చేయించుకోవచ్చు. మాజీ సైనికుల శాఖ ఉచితంగా తుపాకీ తాళాలు పంచుతుంది. 988 నంబరుకు ఫోన్ చేసి 1 నొక్కితే మాజీ సైనికుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. గడ్డుకాలం గడిచేదాకా తుపాకీని స్నేహితుడి ఇంట్లోనో గన్ షాపులోనో ఉంచమనే స్వచ్ఛంద పద్ధతిని మాజీ సైనికుల సంఘాలు ఎక్కువ ఇష్టపడతాయి. అయితే రక్షణ శాఖ వేసిన స్వతంత్ర కమిటీ 2023 ఫిబ్రవరిలో మరో అడుగు వేసింది: బేస్‌లోని దుకాణాల్లో తుపాకీ కొనాలంటే ఏడు రోజులు ఆగాలని, వయసు 25కి పెంచాలని సిఫార్సు చేసింది. ఆ ఏడాది రక్షణ శాఖ ప్రకటించిన ప్రణాళికలో ఆ రెండూ లేవు.

అభ్యంతరాలు: ఏవి తేలాయి, ఏవి తేలలేదు

మనిషి లేకుండా, అతని మాట వినకుండా హక్కు తీసేయడం అన్యాయమన్నది మొదటి అభ్యంతరం. సమర్థించేవారు గృహహింస ఉత్తర్వులు కూడా అలాగే మొదలవుతాయని, రెండు మూడు వారాల్లో విచారణ ఉంటుందని అంటారు. నిజమే, కానీ సివిల్ వ్యవహారం కాబట్టి చాలా రాష్ట్రాల్లో పేదవాడికి ప్రభుత్వం లాయరును ఇవ్వదు. కొలరాడో ఇస్తుంది. ఈ ఒక్క మార్పు మిగతా రాష్ట్రాలూ చేస్తే సగం కోపం తగ్గేది.

అబద్ధపు పిటిషన్ల భయం రెండోది. 2020 జనవరిలో, చట్టం అమల్లోకి వచ్చిన తొలి వారాల్లోనే, కొలరాడోలో ఒక మహిళ తన కొడుకును కాల్చి చంపిన పోలీసు అధికారి మీద పిటిషన్ వేసింది. అతనితో తనకు బిడ్డ ఉందని అబద్ధం రాసింది. జడ్జి కొట్టేశారు, ఆమె మీదే అబద్ధపు ప్రమాణం కేసు పడింది. దుర్వినియోగానికీ, దాన్ని కోర్టు పట్టుకోవడానికీ రెండు పక్షాలూ ఇదే ఉదాహరణ చూపిస్తాయి.

మూడోది ఉత్తర్వు అందించే క్షణం. మేరీల్యాండ్‌లో చట్టం అమల్లోకి వచ్చిన నెల తర్వాత, 2018 నవంబరులో, తెల్లవారుజామున ఐదు దాటాక పోలీసులు ఒకరి తలుపు తట్టారు. అతను తుపాకీతో తలుపు తీశాడు, పెనుగులాటలో పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. చీకట్లో తలుపు తట్టడం ఎంత ప్రమాదమో ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. పగటిపూట, కుటుంబ సభ్యుడి సాయంతో, మాజీ సైనికుడైతే అతని భాష తెలిసిన మరో మాజీ సైనికుడిని వెంటబెట్టుకుని వెళ్లే విభాగాల్లో పని నెమ్మదిగా జరుగుతుంది.

రాజ్యాంగం సంగతి సగం తేలింది. 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రూయెన్ తీర్పు ఆధునిక తుపాకీ చట్టానికి చరిత్రలో పోలిక చూపాలంది. 2024 జూన్ 21న రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8–1 మెజారిటీతో, ఎదుటివారికి ప్రమాదమని కోర్టు తేల్చిన వ్యక్తి తుపాకీని తాత్కాలికంగా తీసుకోవచ్చని చెప్పింది. బ్రూయెన్ తీర్పు రాసిన జస్టిస్ థామస్ ఒక్కరే విభేదించారు. అయితే రహీమీది నోటీసు, విచారణ తర్వాత వచ్చిన గృహహింస ఉత్తర్వు. ఎదుటివారికి కాక తనకు మాత్రమే ప్రమాదమైన మనిషి సంగతి, ఎక్స్‌పార్టీ దశ సంగతి ఆ తీర్పులో తేలలేదు. మాజీ సైనికుల కేసుల్లో ఎక్కువ భాగం ఈ తేలని కోవలోకే వస్తాయి. 2021లో కనిగ్లియా కేసులో అదే కోర్టు, మనిషి క్షేమం కోసమైనా వారంటు లేకుండా ఇంట్లోకి వెళ్లి తుపాకులు తీసుకోవడం కుదరదంది. జడ్జి సంతకం ఉన్న కాగితానికి దాంతో విలువ పెరిగింది.

తెలుగు కుటుంబాలకు తగిలేది ఎంతవరకు

మన దగ్గర తుపాకీ హక్కు కాదు, లైసెన్సు. 1959 ఆయుధాల చట్టంలోని 17వ సెక్షన్ కింద మతిస్థిమితం సరిగా లేదనో, శాంతిభద్రతల దృష్ట్యానో కలెక్టరు, హైదరాబాద్ వంటి చోట్ల పోలీసు కమిషనరు లైసెన్సు రద్దు చేయవచ్చు, దానికి ముందు కోర్టు అక్కర్లేదు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. బ్యాంకుల్లో గన్‌మెన్‌గా చేసే మాజీ సైనికులకు సాధారణంగా మినహాయింపు ఇస్తారు. ఆంధ్రలో, తెలంగాణలో ఇది ఎవరికీ రాజ్యాంగ సమస్యగా తోచదు. అందుకే అమెరికా చర్చ మనవారికి వింతగా వినిపిస్తుంది.

అమెరికాలో ఉన్నవారి లెక్క వీసాను బట్టి మారుతుంది. హెచ్‌1బీ, ఎఫ్‌1 వంటి వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ కలిగి ఉండకూడదు. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డు పోతుంది. సైన్యంలో చేరే అర్హత కూడా అప్పుడే వస్తుంది. గ్రీన్ కార్డున్న 18 నుంచి 25 ఏళ్ల మగపిల్లలు, అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే సెలెక్టివ్ సర్వీస్ జాబితాలో ఉండాలి. హెచ్‌4 మీద ఉన్న పిల్లవాడికి ఆ నిబంధన లేదు.

డాలస్‌లో ఉన్న తెలుగు కుటుంబానికి రెడ్ ఫ్లాగ్ పిటిషన్ అన్నదే లేదు. అదే కుటుంబం న్యూజెర్సీలో ఉంటే ఉంది. కుటుంబానికి పిటిషన్ వేసే వీలున్న చోట వేసేవారి పౌరసత్వం అర్హత కాదు, ఎవరి మీద వేస్తున్నామో వారితో బంధుత్వమే అర్హత. కొడుకు ఆర్మీలో చేరి ఫోర్ట్ హుడ్ బయట అద్దె ఇంట్లో ఉంటూ, ఫోన్లో మాట తీరు మారిందని న్యూజెర్సీలో తల్లికి అనిపిస్తే, ఆమె ఉన్న రాష్ట్రపు చట్టం అక్కడికి చేరదు. ఆమె చేయగలిగింది అతని యూనిట్ కమాండర్‌కో చాప్లిన్‌కో (సైన్యంలోని మతగురువుకో) ఫోన్ చేయడం. ఆ కమాండర్‌కు తుపాకీ గురించి అడిగే వీలుంది, బేస్‌లోని ఆయుధాగారంలో స్వచ్ఛందంగా దాచుకోమని చెప్పే వీలుంది. కొడుకు ఒప్పుకుంటేనే.